'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' మొదలుపెట్టే ముందు పాత స్టార్ ట్రెక్‌లో ఏవి చూడాలి?

వ్యోమ_విహారి:
స్టార్ ట్రెక్‌లో 2009 నుంచి వచ్చిన మూడు సినిమాలు తప్ప ఏమీ చూడలేదు. 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' చూద్దామనుకుంటున్నాను. 'డిస్కవరీ'కి స్పిన్‌ఆఫ్ అని కొందరు, 1966 నాటి పాత సిరీస్‌కి ముందు కథ అని కొందరు అంటున్నారు. పాత సిరీసే 79 ఎపిసోడ్లు, అంతా చూసే తీరిక లేదు. తప్పక చూడాల్సినవి ఏవి, ఏ వరసలో చూడాలి? కెప్టెన్ పైక్‌కి చివరికి ఏమవుతుందో ముందే తెలిస్తే మజా పోతుందా?

వార్ప్_తొమ్మిది:
రెండు మాటలూ నిజమే. ఎంటర్‌ప్రైజ్ ఓడ కెప్టెన్ పైక్, అతని అధికారులు స్పాక్, నంబర్ వన్‌లుగా ఇప్పుడున్న నటులు మొదట 'డిస్కవరీ' రెండో సీజన్‌లో (2019) వచ్చారు. కథాకాలం మాత్రం పాత సిరీస్ హీరో కిర్క్ కెప్టెన్ కావడానికి కొన్నేళ్ల ముందుది.

ఏమీ చూడకుండా నేరుగా మొదలుపెట్టినా అర్థమవుతుంది, కావలసినంత మొదటి ఎపిసోడే చెప్పేస్తుంది. కానీ పైక్ మనసులో ఉన్న బరువు ఎంతో తెలియాలంటే 'డిస్కవరీ' రెండో సీజన్ చూడండి. మొదటి సీజన్ అక్కర్లేదు. 14 ఎపిసోడ్లూ కుదరకపోతే 1, 8, 12, 13, 14 చాలు. వీటిలో 12 అస్సలు వదలొద్దు. క్లింగాన్లనే గ్రహాంతర జాతి మఠంలో పైక్‌కి తన భవిష్యత్తు కనిపిస్తుంది. అక్కడి టైమ్ క్రిస్టల్ తీసుకుంటే ఆ భవిష్యత్తు ఇక మారదని తెలిసీ తీసుకుంటాడు. కొత్త సిరీస్‌లో అతని ప్రతి నిర్ణయం వెనకా ఇదే ఉంటుంది.

అందుకే ముందే తెలిస్తే నష్టం లేదు. ఏం జరుగుతుందన్నది 1966లోనే చెప్పేశారు. అది తెలిసిన మనిషి ఎలా బతుకుతాడన్నదే ఇక్కడ కథ.

'డిస్కవరీ' మూడో సీజన్ నుంచి డిస్కవరీ ఓడ 32వ శతాబ్దంలో ఉంటుంది, దానితో మీకు పనిలేదు. మీరు చూసిన సినిమాల కాలరేఖ కూడా వేరు. అందులో పైక్‌కి జరిగింది ఇక్కడ లెక్కలోకి రాదు.

టాలోస్_నాలుగు:
పాత సిరీస్ నుంచి ఎన్ని చూడాలన్నదానికన్నా ఎప్పుడు చూడాలన్నది ముఖ్యం. అన్నీ ముందే చూసేస్తే కొన్నిటి బలం పోతుంది.

మొదట 'ద కేజ్'. ఇది పాత సిరీస్‌కి నమూనాగా, పైక్ కెప్టెన్‌గా తీసిన తొలి పైలట్ ఎపిసోడ్. పైన చెప్పిన 'డిస్కవరీ' 8వ ఎపిసోడ్‌కి ముందు చూడండి, ఆ ఎపిసోడ్ దీని క్లిప్పులతోనే మొదలవుతుంది. రెండు భాగాల 'ద మెనాజరీ'లో ఈ పైలట్ దృశ్యాలే చాలావరకు మళ్లీ వాడారు. వెంటవెంటనే చూస్తే విసుగొస్తుంది, కాబట్టి దాన్ని కొత్త సిరీస్ మొదటి సీజన్ అయ్యాక పెట్టుకోండి.

'బ్యాలన్స్ ఆఫ్ టెర్రర్' మాత్రం తప్పనిసరి. కొత్త సిరీస్ మొదటి సీజన్ 9వ ఎపిసోడ్ అయ్యాక ఆగి, ఇది చూసి, అప్పుడు 10లోకి వెళ్లండి. ఆ పదో ఎపిసోడ్ ఇదే సంఘటనని కిర్క్ బదులు పైక్ కెప్టెన్‌గా ఉంటే ఏమయ్యేదో చూపిస్తుంది. కొన్ని సంభాషణలు, కొన్ని సన్నివేశాలు ఉన్నవున్నట్టే వస్తాయి. పాతది చూడనివాళ్లకి అది మామూలు యుద్ధం కథలా అనిపించి వెళ్లిపోతుంది. మొత్తం సీజన్‌లో గొప్ప ఎపిసోడ్‌ని అలా పోగొట్టుకోకండి.

పైక్ ఓడలో భద్రతాధికారి లాన్ ఇంటిపేరు నూనియెన్-సింగ్ ఎందుకంత బరువో తెలియడానికి కొత్త సిరీస్ రెండో సీజన్ 3వ ఎపిసోడ్‌కి ముందు 'స్పేస్ సీడ్' చూడండి. 'అమాక్ టైమ్' ఇప్పుడే వద్దు, స్పాక్, అతనికి కాబోయే భార్య టిప్రింగ్‌ల సంబంధం ఎక్కడ తేలుతుందో చెప్పేస్తుంది.

వ్యోమ_విహారి:
'అరీనా' కూడా చూడమని ఒకచోట చదివాను. గోర్న్‌లనే గ్రహాంతర జీవుల కోసమట. ముందే చూడాలా?

టాలోస్_నాలుగు:
వద్దండి. 1967 నాటి ఆ గోర్న్ రబ్బరు సూట్ వేసుకుని నెమ్మదిగా కదిలే మనిషి. కొత్త సిరీస్ మొదటి సీజన్ 4, 9 ఎపిసోడ్లు పుట్టించే భయం ముందే చప్పబడిపోతుంది. అవి అయ్యాక చూడండి. పాతదాంట్లో కిర్క్ బృందం గోర్న్‌లని మొదటిసారి ఎదుర్కొంటున్నట్టే ఉంటుంది, కొత్తదానితో ఇది సరిగ్గా అతకదు. దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి.

నీలి_తెర:
పాత సిరీస్‌ని అంకెలు చూసి వెతక్కండి, పేరుతో వెతకండి. ప్రసారమైన వరస వేరు, తీసిన వరస వేరు. పైగా కొన్నిచోట్ల 'ద కేజ్'ని మొదటి ఎపిసోడ్‌గా లెక్కపెడతారు, అప్పుడు మిగతావన్నీ ఒక అంకె జరుగుతాయి. 'బ్యాలన్స్ ఆఫ్ టెర్రర్' 14 అనీ 15 అనీ కనిపించేది అందుకే.

పాతది 4:3లో తీశారు. టీవీ దాన్ని తెర నిండా సాగదీస్తుంటే పిక్చర్ సైజ్‌ని 4:3కో ఒరిజినల్‌కో మార్చండి. కొత్తదానికి పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, అది లోపం కాదు. జూమ్ చేస్తే పక్కల బొమ్మ తెగిపోతుంది. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికలని నునుపు చేసే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే సెట్లు నాటకం స్టేజీల్లా కనిపిస్తాయి. ఓడ లోపలి చీకటి దృశ్యాలు మసకగా ఉంటే గదిలో లైటు తగ్గించి, టీవీలో ఎకో మోడ్ తీసేసి చూడండి. మాటలు వినపడక పేలుళ్లు మాత్రమే మోగుతుంటే టీవీ 5.1 (సరౌండ్) ఆడియో తీసుకుంటోందేమో చూసుకోండి. మాటలు ఎక్కువగా మధ్య ఛానల్లో ఉంటాయి. విడిగా స్పీకర్లు లేనప్పుడు స్టీరియో ట్రాక్‌కి మార్చితే చాలావరకు సరిపోతుంది.

ఇంకొకటి, కొత్త సిరీస్ రెండో సీజన్ 10వ ఎపిసోడ్ కథ మధ్యలో ఆగిపోతుంది. దాని రెండో భాగమే మూడో సీజన్ మొదటి ఎపిసోడ్. ఆ రెండూ ఒకే రోజు చూసేలా పెట్టుకోండి.