అప్‌డేట్: థీసిస్‌లో పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయం పూర్తయింది

సమీక్ష అధ్యాయంలో పేజీలు పెరుగుతున్నా వాదన కనిపించడం లేదని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. ఇప్పుడు అధ్యాయానికి గైడ్ ఆమోదం వచ్చింది. సమాధానాలు ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది రివర్స్ అవుట్‌లైన్ సలహా. డ్రాఫ్ట్‌లోని ప్రతి పేరా ఏం చెబుతోందో ఒక్కో వాక్యంలో రాయమన్నారు కదా, ఆ వాక్యాలన్నీ వేరే కాగితం మీద వరుసగా పెట్టి చూస్తే "ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు అలా అన్నారు" అన్న వరుసే కనిపించింది. అది చూసిన గైడ్, పరిశోధకుల వారీగా కాకుండా ప్రశ్నల వారీగా పేర్చమన్నారు. దానికోసం ఒక పట్టిక వేశాను. పైన అడ్డంగా ప్రశ్నలు, ఎడమవైపు కిందికి వ్యాసాలు. ఒక్కో ప్రశ్న కింద ఎవరు ఏకీభవిస్తున్నారో, ఎవరు విభేదిస్తున్నారో తెలిశాక పేరాలు తేలిగ్గా వచ్చాయి. ఖాళీ గడులు కనబడిన చోట మళ్లీ వెతికి చూశాను. అప్పటికీ ఖాళీగా మిగిలినవే నా పరిశోధన ఎందుకు అవసరమో చూపించాయి. నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

25 నిమిషాల టైమర్ పెట్టుకోమన్న సలహాతో రాయడానికి కూర్చోవాలంటే ఉండే టెన్షన్ తగ్గింది కానీ, అసలు సమస్యకు దానితో సంబంధం లేదు. జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌కి మారడం కూడా అంతే, రిఫరెన్సులు సర్దుకోవడానికి బాగుంది. ఉపోద్ఘాతాన్ని అన్నిటికంటే చివర రాయమన్న సలహాను మిగతా అధ్యాయాలకూ పాటిస్తున్నాను.

ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లు కొత్త పేరాలు రాయడం కాసేపు ఆపి, ముందు ఆ వాక్యాల జాబితా తయారుచేయండి.