ఎయిర్‌పోర్టు రోడ్డు లేఅవుట్ పార్కును పార్కింగ్‌కు ఇస్తున్నారంట, ఎట్లా ఆపాలి?

పెన్నా_గట్టు:
కడప ఎయిర్‌పోర్టు రోడ్డులో అప్రూవ్డ్ లేఅవుట్. పార్కు సుమారు ఎకరం. వేపచెట్లు, నడక బాట, పిల్లల ఉయ్యాలలు ఉన్నాయి. విమానం ఎక్కేవాళ్ల కార్లకు పెయిడ్ పార్కింగ్ కోసం "తాత్కాలికంగా 11 నెలలకు" ఇస్తున్నారని చెప్తున్నారు. ఒక మూల కంచె పీకి రెండు టిప్పర్ల గ్రావెల్ తోలినారు. ఆర్డరు కాపీ అడిగితే ఎవరూ చూపించరు. పార్కు జాగాను కార్పొరేషన్‌కు రాసిచ్చే గిఫ్ట్ డీడ్ అయిందో లేదో కూడా తెలీదు. ముందు ఏ ఆఫీసుకు పోవాల? కోర్టయితే ఏ కోర్టు?

ఎల్పీ_నంబర్:
అన్నా, 11 నెలలు అనే మాటలోనే కిటుకు ఉంది. ఏడాది దాటిన లీజుకు దేశమంతా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మన రాష్ట్రంలో 1999 సవరణతో ఏడాదిలోపు లీజుకూ తప్పనిసరే. అయినా 11 నెలలదైతే రిజిస్టర్ చేయకుండా స్టాంపు కాగితం మీద రాసుకుంటారు, ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడదు. ఈసీ శుభ్రంగా ఉందని ధైర్యంగా ఉండొద్దు.

ఈ రోజే చేయాల్సింది ఫొటోలు. తేదీ, లొకేషన్ పడే కెమెరా యాప్‌తో కంచె పీకిన మూల, గ్రావెల్ కుప్పలు, ప్రతి చెట్టూ విడివిడిగా తీయండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏడాదుల చిత్రాలు సేవ్ చేసుకోండి. "అది ఎప్పుడూ ఖాళీ జాగానే" అనే వాదన రేపు తప్పకుండా వస్తుంది.

తర్వాత కార్పొరేషన్ కమిషనర్‌కు రాతపూర్వక అభ్యంతరం ఇవ్వండి. అప్రూవల్ ఇచ్చిన అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీకి ఒక కాపీ, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఇంకో కాపీ. మూడింటికీ రసీదు తీసుకోవాల. హైకోర్టులో రిట్ (అధికారుల చర్య మీద నేరుగా వేసే పిటిషన్) వేస్తే మొదటి ప్రశ్న అదే: అధికారిని అడిగినారా, ఆయన ఏం చెప్పినాడు?

ఆర్టీఐ కూడా అదే రోజు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. "పార్కు ఎందుకు ఇచ్చినారు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. కాగితాలే అడగండి: ఎల్పీ నంబరుతో (లేఅవుట్ అనుమతి నంబరు) ఆమోదించిన ప్లాన్ సర్టిఫైడ్ కాపీ, గిఫ్ట్ డీడ్ డాక్యుమెంట్ నంబరు, కార్పొరేషన్ ఆస్తుల రిజిస్టర్‌లో ఈ స్థలం నమోదైన పేజీ, కౌన్సిల్ తీర్మానం, టెండరు ఫైలు. ఫైలు స్వయంగా చూడటానికి అనుమతి కూడా అదే దరఖాస్తులో అడగొచ్చు. జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

వేపనీడ:
గిఫ్ట్ డీడ్ లేదని తేలినా బెదరొద్దు. 2017 లేఅవుట్ రూల్స్ ప్రకారం 10 శాతం ఖాళీ స్థలాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు అప్పగించాల్సిందే. పాత లేఅవుట్లలో చాలాచోట్ల ఇది జరగలేదు, డెవలపర్ "నా పేరే ఉంది" అంటాడు. ప్లాన్‌లో పార్కు అని చూపించినాక యజమాని దాన్ని ట్రస్టీ మాదిరి పెట్టుకోవాల్సిందే తప్ప వేరేదానికి వాడుకోకూడదని పండిట్ చేత్ రామ్ వశిష్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పార్కు జాగాను ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడాన్ని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో కొట్టేసింది. లక్నో ఝండేవాలా పార్కు కింద కట్టిన షాపింగ్ కాంప్లెక్సును పడగొట్టమని 1999లో ఆదేశించింది. అభ్యంతరంలో ఈ మూడూ రాస్తే చాలు, పది కేసులు గుప్పిస్తే ఎవరూ చదవరు.

సివిల్ కోర్టులో ప్రభుత్వం మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు, రెండు నెలల ఆగడం. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయొచ్చు గానీ, గ్రావెల్ పడిపోతున్నప్పుడు అమరావతి హైకోర్టులో రిట్టే దగ్గర దారి. ప్లాట్ల యజమానుల సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే ఆ పేరుతో వేయండి. లేకుంటే ఇద్దరు ముగ్గురు ప్లాటు ఓనర్లు సేల్ డీడ్లతో వేసినా నడుస్తుంది.

రన్‌వే_27:
ఎయిర్‌పోర్టు వైపు నుంచి రెండు విషయాలు. పార్కింగ్ అంటే హైమాస్ట్ లైట్లు పెడతారు. 20 కిలోమీటర్ల లోపల ఏ స్తంభమైనా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల జోనింగ్ మ్యాపులో ఆ చోటుకు ఇచ్చిన ఎత్తు దాటితే ఎన్‌ఓసీ కావాల. ఆ కాగితం ఉందా అని అడగండి. ఇది పార్కును కాపాడే అస్త్రం కాదు, పని కొన్నాళ్లు నిలబెడుతుంది అంతే.

రెండోది, "చెట్లుంటే పక్షులు చేరతాయి, విమానాలకు ప్రమాదం" అని అవతలివాళ్లు ఎదురు తిప్పొచ్చు. పక్షులను ఎక్కువగా రప్పించేది చెత్త, పశువులను కోసిన వ్యర్థాలు. అందుకే ఏరోడ్రోమ్‌కు 10 కిలోమీటర్లలోపు ఆ రెంటి మీద నిషేధం. పార్కులో చెత్త కుప్ప ఉంటే ముందే తీసేయించండి, ఆ వాదనకు ఊతం ఉండదు.

ఎల్పీ_నంబర్:
చెట్లు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద అనుమతి కావాల. కానీ కొట్టకుండానే చంపొచ్చు: వేప చుట్టూ గ్రావెల్ పరిచి రోలర్ తిప్పితే నేల గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు, కొమ్మల చివర్ల నుంచి ఎండుకుంటూ వస్తుంది. అప్పుడు "ఎండిపోయిన చెట్టు" అని తీసేస్తారు. అందుకే కొమ్మల నీడ పడే మేర గ్రావెల్ వద్దని అభ్యంతరంలో విడిగా రాయండి.

నీళ్ల లెక్క కూడా జతచేయండి, ఇంజనీరింగ్ వాళ్లకు అదే అర్థమవుతుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాని మీద పడేది సుమారు 2 లక్షల లీటర్లు. మట్టి, గడ్డి అయితే అందులో 40 వేల దాకా పారుతుంది. పేవర్లు వేస్తే లక్షా 80 వేలు పారుతుంది. ఆ తేడా అంతా మీ రోడ్డు పక్క కాలవలోకే.

పెన్నా_గట్టు:
ఒక రాజీ మాట కూడా నడుస్తోంది, సగం పార్కు ఇస్తే మిగతా సగం వాళ్లే బాగు చేసిస్తారంట.

వేపనీడ:
ఒప్పుకోవద్దు. సగానికి సంతకం పెట్టిన కాగితమే రేపు "నివాసితులకు అభ్యంతరం లేదు" అని హైకోర్టులో దాఖలవుతుంది. ఓపెన్ పార్కింగ్‌లో ఒక కారుకు తిరగడానికి దారితో కలిపి 23 చదరపు మీటర్లు లెక్క. అర ఎకరంలో 88 కార్లు. అంత జాగా ఎయిర్‌పోర్టు దగ్గరే కమర్షియల్ జోన్‌లో అద్దెకు దొరుకుతుందేమో చూపించమని అడగండి. మాస్టర్ ప్లాన్‌లో పార్కు రంగు, అంటే ఆ జాగా వాడకం, మార్చే నోటిఫికేషన్ ఏమైనా వచ్చిందేమో కూడా పేపర్లు, గెజిట్ రెండూ చూస్తుండండి. అభ్యంతరాలకు సాధారణంగా 15 రోజులే ఇస్తారు.