వేల్స్ వారి ఏడాదిలో కవిత్వానికి చోటు ఎలా దొరికింది?

ప్రశ్న (నల్లగొండ):
మా సాహితీ సంస్థ ఏటా ఉగాదికి కవి సమ్మేళనం నిర్వహిస్తుంది. ఈసారి 30 మంది కవులు వచ్చారు. ఎవరి వంతు రాగానే వారు చదివి, శాలువా కప్పించుకొని వెళ్లిపోయారు. చివరి కవి చదివేటప్పటికి వినడానికి నలుగురమే మిగిలాము. 2021 జనగణన ప్రకారం బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో సొంత భాష వెల్ష్ వచ్చినవారు సుమారు 5,38,000 మంది, అంటే నూటికి 18 మందే. అయినా అక్కడ కవికి జరిగే సన్మానాన్ని చూడడానికి వేలమంది వస్తారట. అది వారికి ఎలా సాధ్యమవుతున్నదో తెలిసినవారు వివరించగలరు.

జవాబు (సూర్యాపేట):
మీరు చెప్పేది ఆగస్టు మొదట్లో జరిగే జాతీయ ఐస్తెద్‌వోద్, అంటే కవిత్వం, సంగీతాల పోటీల ఉత్సవం. ఒక ఏడాది ఉత్తర వేల్స్‌లో జరిగితే మరుసటి ఏడాది దక్షిణాన జరగడం ఆనవాయితీ. 1950 నుండి వేదిక మీద వెల్ష్ భాష మాత్రమే వినిపించాలన్న నియమం ఉంది. ఛందోబద్ధమైన దీర్ఘకవితకు బహుమతి ఒక కుర్చీ. కవులు మారుపేర్లతో రచనలు పంపుతారు. న్యాయనిర్ణేతలు వాటి గుణదోషాలను సభలోనే విడమరచి చెప్పి, గెలిచిన మారుపేరును ప్రకటిస్తారు. బూర మోగగానే, అప్పటిదాకా జనంలో కూర్చున్న ఆ కవి లేచి నిలబడతారు. ఆపై ఖడ్గాన్ని ఒరలో నుండి కొంత దూయగా, వేడుక నడిపే పెద్ద "శాంతి ఉన్నదా?" అని మూడుసార్లు అడుగుతారు, సభంతా "శాంతి" అని బదులిస్తుంది. యోగ్యమైన రచన రాని ఏడు కుర్చీ ఎవరికీ దక్కదు.

1917లో బర్కెన్‌హెడ్ సభలో మారుపేరు పిలిచినా ఎవరూ లేవలేదు. గెలిచిన హెద్ విన్, గొర్రెలు కాచుకుంటూ కవిత్వం చెప్పిన రైతుబిడ్డ, ఆ జులై 31న బెల్జియం యుద్ధభూమిలో మరణించాడు. కుర్చీకి నల్లగుడ్డ కప్పారు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది.

జవాబు (మహబూబ్‌నగర్):
నేను బడిలో తెలుగు చెబుతాను కనుక ఆ సభ కంటే దాని వెనుక ఉన్న పిల్లల మీదే నా దృష్టి. మార్చి 1న, డేవిడ్ పుణ్యపురుషుని పండుగనాటికి, చాలా బడులు తమ సొంత ఐస్తెద్‌వోద్ జరుపుకుంటాయి. 1922లో పుట్టిన ఉర్ద్ అనే యువజన సంస్థ పోటీల్లో స్థానికంగా గెలిచిన పిల్లలు అంచెలంచెలుగా మే నెలాఖరులో జరిగే జాతీయ పోటీకి చేరుతారు.

వారి ఛందస్సూ తేలికైనదేమీ కాదు. మన పద్యపాదంలో యతిస్థానాన ఒక్క అక్షరానికి మైత్రి కుదిరితే చాలు. కంగ్‌హనెద్ అనే వారి శబ్దమైత్రి నియమాల్లోని ఒక రకంలో పాదం మొదటి సగంలోని హల్లులన్నీ అదే వరుసలో రెండవ సగంలో మళ్లీ రావాలి. చిన్నప్పటి నుండి చెవికి అలవాటైతే తప్ప ఆ సొగసు అందదు.

జవాబు (ఆలంపూర్):
పండుగలతోనే భాష నిలిచిందనుకుంటే పొరపాటు. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం 1965లో కాపెల్ కెలిన్ అనే వెల్ష్ ఊరిని జలాశయంలో ముంచారు. బడి, ప్రార్థనామందిరం, ఇండ్లు అన్నీ పోయాయి. శ్రీశైలం ముంపు వల్ల కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి మా ఊరికి తెచ్చి నిలిపారు కనుక, ఊరు మునగడమంటే ఏమిటో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. కాపెల్ కెలిన్ మునిగిన కోపం వేల్స్‌లో భాషా ఉద్యమానికి బలమైంది. 1982లో వెల్ష్ టెలివిజన్ ఛానల్, 1993లో భాషా చట్టం పోరాడితేనే వచ్చాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఉగాదికి పద్యాలను నెల ముందుగానే మారుపేర్లతో తెప్పించి, ఇద్దరు పండితుల చేత సభలోనే గుణదోషాలు చెప్పించాలని ప్రతిపాదిస్తాను. తన పద్యం గురించి ఏమంటారో వినాలంటే కవి చివరిదాకా కూర్చోక తప్పదు. మహబూబ్‌నగర్ మాస్టారు గారూ, మీ బడి పిల్లలను కూడా ఆ రోజు తీసుకురాగలరా?