“ధర్మానికి చూసిన డాక్టరు”: ఈ మాట రాతలో వాడవచ్చునా?

కర్నూలు నుంచి ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా వీధిలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలు ఒక గోడపత్రిక పెట్టుకొన్నారు. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో సెల్టిక్ క్లబ్బు ఏర్పడినప్పుడు దానికి తొలి గౌరవాధ్యక్షులుగా ఉన్న డాక్టర్ జాన్ కాన్వే గారి గురించి ఆ పత్రికకు ఒక పేజీ రాసి ఇస్తానని ఒప్పుకొన్నాను. ఆయన పేదల దగ్గర డబ్బు పుచ్చుకోకుండా వైద్యం చేసినవారు. “దాతృత్వ వైద్యుడు, సహవ్యవస్థాపకుడు” అని మొదటి వాక్యం రాసి చదివి వినిపించగా, పదో తరగతి పిల్లవాడొకడు “దాతృత్వ వైద్యుడంటే ఏ జబ్బుకు చూస్తారు సార్?” అని అడిగాడు. వాడు నిజంగానే తెలియక అడిగాడు. ఆ వాక్యానికి సరైన తెలుగు చెప్పగలరా?

అనంతపురం నుంచి జవాబు:

అయ్యా, మీ పిల్లవాడి సందేహంలో తప్పేమీ లేదు. తెలుగులో డాక్టరు అనే మాటకు ముందు ఒక పేరు చేర్చితే అది చాలావరకు ఆయన దేనికి వైద్యం చేస్తాడో చెబుతుంది. కంటి డాక్టరు, పళ్ళ డాక్టరు, పిల్లల డాక్టరు అని వినడానికి అలవాటుపడిన చెవికి “దాతృత్వ వైద్యుడు” కూడా అలాంటి మరో శాఖగానే తోస్తుంది. “ధార్మిక వైద్యుడు” అంటే పూజలూ వ్రతాలూ గుర్తుకు వస్తాయి. “ఉదార వైద్యుడు” అంటే మనిషి గుణం తెలుస్తుంది గాని ఆయన చేసిన పని తెలియదు. ఇలాంటి మనిషికి మన సీమలో ఎప్పటి నుంచో ఒక మాట ఉంది. “ధర్మానికి చూసే డాక్టరు” అంటారు.

ఈ “ధర్మానికి” అనే రూపాన్ని కొంచెం నిదానంగా చూడాలి. “పది రూపాయలకు ఇచ్చినాడు”, “కిలో నలభైకి అమ్మినాడు” అంటాము. వెల చెప్పేటప్పుడు కి, కు చేరుతాయి. “ధర్మానికి ఇచ్చినాడు” అన్నప్పుడు ధర్మమనే మాట సరిగ్గా ఆ వెల ఉండే చోటనే కూర్చుంటుంది. వందకు చూసే డాక్టరు, రెండు వందలకు చూసే డాక్టరు, ధర్మానికి చూసే డాక్టరు అని వరుసగా అని చూడండి, వాక్యం ఎక్కడా తడబడదు. “ఉచితంగా” అన్నప్పుడు వెల లేదని మాత్రమే చెప్పినట్లవుతుంది. “ధర్మానికి” అన్నప్పుడు వెల ఉన్నదనీ, అది రూపాయల్లో లేదనీ చెప్పినట్లవుతుంది. నాకు ఈ తేడా చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

ఈ మాట కుటుంబం కూడా పెద్దదే. ధర్మసత్రం ఉంది, తిరుమలలో ధర్మదర్శనం ఉంది, ధర్మాసుపత్రి ఉంది. ఈ ధర్మాసుపత్రిని పైపైన చూసి సవర్ణదీర్ఘ సంధి అనేవారున్నారు గాని, ఆసుపత్రి సంస్కృత పదం కాదు, ఇంగ్లీషు నుంచి వచ్చి మన నోట్లో నునుపు తేలిన మాట. కాబట్టి కర్నూలు వారు రోజూ అనే “పెద్దాసుపత్రి”లో జరిగినదే ఇక్కడా జరిగిందని, అంటే ముందున్న అకారం లోపించిందని అనుకోవడమే న్యాయం. ఇక ధర్మవడ్డీ అనే మాట ఉన్నది చూశారా, అది అసలు వడ్డీ లేదని చెప్పదు. పుచ్చుకొనేవాడి నడుము విరగని వడ్డీ అని చెబుతుంది. కాన్వే గారి కథలో దీనితో పని పడుతుంది.

నా చిన్నతనంలో అనంతపురంలో మేము వెళ్ళిన ఒక డాక్టరు గారు మందుచీటీ రాసిన తర్వాత, కొందరి చీటీలకు మాత్రం కుడి పక్క పై మూలలో చిన్నగా “ధ” అని రాసేవారు. ఎదురుగా ఉన్న మందుల అంగడివాడు ఆ అక్షరం చూసి మాత్రలూ మందునీళ్ళ సీసా ఇచ్చి పంపేవాడు, డబ్బు అడిగేవాడు కాడు. నెల చివర ఇద్దరూ లెక్క చూసుకొనేవారు. ఆ అక్షరానికి అర్థమేమిటో చాలా మంది రోగులకు తెలియదు. మా అవ్వకు తెలుసు. ఒకసారి మా చీటీ మీద అది పడినప్పుడు ఆమె అంగడి మెట్ల మీద నిలబడి, కొంగుతో కళ్ళు అద్దుకొని, “ఆయప్ప చేతిగుణం యాడ నుంచి వస్తాందో ఇప్పుడు తెలిసె నాయనా” అన్నది. పుస్తకాలలో హస్తవాసి అని రాసేదానినే మా ఇంట చేతిగుణం అంటారు.

ఇప్పుడు కాన్వే గారి విషయానికి వస్తాను. బంగాళాదుంప పంటకు తెగులు సోకి 1845 తర్వాత ఐర్లండులో వచ్చిన కరవుకు ఊళ్ళు వదిలిన వేలాది కుటుంబాలు గ్లాస్గో తూర్పు పేటలలో తలదాచుకొన్నాయి. 1876-78 నాటి ధాత కరువు మాటను ఇళ్ళలో చెప్పుకొంటూ పెరిగిన సీమవారికి ఆ వలస ఎలాంటిదో విడమరచి చెప్పనక్కరలేదు. ఆ పేటల బడిపిల్లలకు ఒక పూట వేడి భోజనం పెట్టే ఏర్పాటును బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే, మారిస్టు అనే కాథలిక్ సంఘానికి చెందిన సన్యాసి నడిపారు. ఆయన అసలు పేరు ఆండ్రూ కెరిన్స్, బళ్ళో పంతులు. అక్కడ ఒక పెన్నీకి భోజనం పెట్టేవారు. రొట్టె ఇంటి నుంచి తెచ్చుకొన్న పిల్లలకు అర పెన్నీకే గిన్నెడు సూపు పోసేవారు. పైన చెప్పిన ధర్మవడ్డీ లాగానే ఇది ధర్మవెల. దానికి వారు పెట్టుకొన్న పేరును “భోజనపు బల్ల” అని మాటకు మాట తెస్తే మన పిల్లలకు వడ్రంగి చేసిన బల్ల కనిపిస్తుంది. 1952 కరవులో మన జిల్లాలలో తెరిచిన గంజి కేంద్రాలు మీ ఇంటి పెద్దలకు గుర్తుంటాయి గనుక, “బడిపిల్లల అన్నసత్రం” అంటే విషయం తిన్నగా చేరుతుంది.

ఆ సత్రానికి నిలకడగా డబ్బు రావాలి. ఎడింబరోలో ఐరిష్ వలసవారి జట్టు హిబర్నియన్ 1887లో స్కాటిష్ కప్పు గెలిచి అందరికీ ధైర్యమిచ్చింది. అదే సంవత్సరం నవంబరు 6న సెయింట్ మేరీ చర్చి హాలులో కూడి, ఆట చూడడానికి వచ్చేవారి టికెట్ల డబ్బుతో పిల్లలకు అన్నం పెట్టాలని సెల్టిక్ క్లబ్బును ఏర్పాటు చేసుకొన్నారు. మరుసటి జనవరిలో చందాలడుగుతూ వేసిన కరపత్రంలో కూడా క్లబ్బు ముఖ్యోద్దేశం ఆ భోజనాలకు నిధి సమకూర్చడమేనని స్పష్టంగా రాసుకొన్నారు. పేటలో అందరికీ తెలిసిన డాక్టరు గారు గౌరవాధ్యక్షులుగా ముందు నిలిచారు.

ఇక్కడనే మన తెలుగు మీకు ఎంతో సాయం చేస్తుంది. మనము దానధర్మాలు అని జంటగా అంటాము గాని రెండూ ఒకటి కావు. దానం ఒక చేతి నుంచి మరొక చేతికి పోతుంది. ఇచ్చినవాడూ పుచ్చుకొన్నవాడూ ఒకరికొకరు కనిపిస్తారు. ధర్మం అంటే చెరువు, సత్రం, చలివేంద్రం. పెట్టినవాడు ఆ సమయానికి అక్కడ లేకపోయినా, వచ్చినవాడు ఎవరైనా, దాహం తీరుతుంది. రోగి ముందు కూర్చొని డబ్బు వద్దన్న కాన్వే గారు, ఎన్నడూ తన గడప తొక్కని పిల్లవాడికి కూడా అన్నం దొరికే ఏర్పాటులో భుజం కలిపారు. మన దేవాదాయ ధర్మాదాయ శాఖ పేరులో నలిగిపోయి, ఎవరూ అర్థం పట్టించుకోకుండా వదిలేసిన ధర్మాదాయం అనే మాట ఉన్నదే, ఆ తొలినాళ్ళ టికెట్ల డబ్బుకు అంతకంటే అమరే పేరు నాకు తట్టడం లేదు.

కాబట్టి నా సూచన ఇది: “గ్లాస్గో తూర్పు పేటలో పేదలను ధర్మానికి చూసిన డాక్టర్ జాన్ కాన్వే, పిల్లల అన్నసత్రానికి ధర్మాదాయం సమకూర్చాలని 1887లో సెల్టిక్ జట్టును నిలబెట్టిన నలుగురిలో ఒకరు.”

కడప నుంచి ఒక అభ్యంతరం:

అన్నా, మీ వివరణ బాగుంది, ముఖ్యంగా వెల ఉండే చోటున ధర్మం కూర్చున్నదన్న మాట మనసుకు పట్టింది. అయినా రెండు సంగతులు ఆలోచించండి. ఈనాడు “ధర్మం” అనగానే “ధర్మం చేయండి తల్లీ” అనే బస్టాండు కేక వినబడుతుంది. ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళినవారిని బిచ్చానికి వచ్చినవారుగా చూపినట్లు కాదా? “పుణ్యానికి” అనే మాటకు ఏ గతి పట్టిందో చూశాము. పుణ్యం కోసం ఇచ్చినదని ఒకప్పుడు గౌరవంగా అన్న మాట, “పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్లు” అనే సామెతలో ఇంకా నిలిచి ఉన్నా, రోజువారీ వాడుకలో “ఉత్తపుణ్యానికి తిట్టినాడు” అని, అంటే కారణం లేకుండా అనే అర్థానికి దిగజారింది. రెండవది, “నలుగురిలో ఒకరు” అంటే పిల్లలు లెక్కపెట్టి మిగతా ముగ్గురెవరని అడుగుతారు.

అనంతపురం నుంచి తిరిగి:

తమ్ముడూ, రెండవ మాట వెంటనే ఒప్పుకొంటున్నాను, “నిలబెట్టినవారిలో ఒకరు” అని దిద్దుకోవాలి. “సహవ్యవస్థాపకుడు” కంటే ఇదే మేలు కూడా. ఆ పొడుగు మాటలో మనిషికి హోదా వస్తుంది గాని ఆయన పక్కన ఉన్నవారు కనబడరు. మైదానం చదును చేసి, గట్లు పోసి, ఆరు నెలల్లో సిద్ధం చేసినవారంతా ఆ పేట కూలీలూ కుర్రవాళ్ళూ. వారు కూలి అడగలేదు. వారూ నిలబెట్టినవారే.

మొదటి మాట గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు. పుణ్యానికి పట్టిన గతి ధర్మానికి ఇంకా పట్టలేదు. “ఉత్తధర్మానికి” అని మా ఊళ్ళో ఎవరూ అనరు. అడుక్కొనేవారి నోట వినబడినంత మాత్రాన మాట చిన్నదైపోదు, అది వారు ఎదుటివాడి బాధ్యతను గుర్తుచేసే మాట. వాడకం తగ్గిందని వదిలేస్తే మనకు మిగిలేవి “ఫ్రీ”, “ఉచితం” రెండే. అవి అంగడి బోర్డు మాటలు. మీ కడపలోనే బ్రౌను దొర పేదపిల్లలకు ఫీజు లేని బడులు పెట్టినారు గదా, దాన్ని “ఫ్రీ స్కూలు” అని రాస్తే మీకే తృప్తిగా ఉంటుందా? మా జిల్లాలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనే సేవాసంస్థవారు ఆసుపత్రీ నడుపుతారు, పిల్లలకు ఫుట్‌బాల్ మైదానమూ నడుపుతారు. ఈ రెండూ ఒకే మనసు చేసే పనులని మా ఊరివారికి కొత్తగా నేర్పనక్కరలేదు, అందుకే కాన్వే గారు నాకు దూరపు మనిషిగా అనిపించరు.

ఇంకొకటి చెప్పాలి. వాల్‌ఫ్రిడ్ గారు 1892లో లండనుకు బదిలీ అయి వెళ్ళారు, క్లబ్బు 1897లో వాటాదారుల కంపెనీ అయింది. కనుక “ధర్మాదాయం” అనే మాటను ఆ తొలి సంవత్సరాలకే పరిమితం చేసి రాయడం మంచిది. “1887లో” అన్నది వాక్యంలో తప్పక ఉండాలి.

కర్నూలు నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. దిద్దిన వాక్యాన్ని ఈ సాయంత్రం ఆ పిల్లవాడికి వినిపించాను. “అంటే డబ్బు తీసుకోలేదన్నమాట” అని తానే చెప్పుకొన్నాడు. తర్వాత, ఆ డాక్టరు బంతి ఆడేవారా అని అడిగాడు. 1888 మే 8న కొత్త మైదానంలో హిబర్నియన్‌కూ కౌలేర్స్‌కూ జరిగిన మొదటి ఆటలో బంతిని ముందుగా కాలితో తాకించింది ఆయనేనని చెప్పాను. ఆ నెల 28న సెల్టిక్ తన తొలి ఆటలో రేంజర్స్‌ను 5-2తో గెలిచిందని కూడా చెప్పాను గాని, వాడి మనసు డాక్టరు గారి మీదే ఉంది. సూటు వేసుకొన్న మనిషి బంతిని తన్నుతున్నట్లు బొమ్మ గీసి, కింద “తొలి తన్ను” అని రాశాడు. ఆ మాట ఉంచవచ్చునా?

అనంతపురం నుంచి:

ఉంచండి. తన్ను అనే మాట మోటుగా ఉందని పెద్దలెవరైనా అంటే, బంతి ఆటకు అంతకంటే అచ్చమైన తెలుగు లేదని నా మాటగా చెప్పండి. బొమ్మలో పై మూల ఖాళీ ఉంటే, అక్కడ చిన్నగా ఒక “ధ” రాయమనండి.