అప్‌డేట్: కాలనీ చెట్ల ఖర్చు ఎవరిదన్న నా ప్రశ్న

మా లేఅవుట్‌లో రోడ్డు పక్క చెట్లు, పార్కులో లాన్ ఎండిపోతున్నాయని, వాటి ఖర్చు ఎవరు భరించాలని ఇంతకుముందు అడిగాను. చాలామంది ముందు కాగితాలు చూడమన్నారు. చూశాం. బయటి రోడ్డు వెంట ఉన్న వరుస స్థానిక సంస్థకు అప్పగించినదట, పార్కు మాత్రం అసోసియేషన్‌ది. ఇది తేలాకే మిగతా మాటలు ముందుకు కదిలాయి.

నిధిని రెండుగా విడగొట్టాం. నీళ్లు, కత్తిరింపు, ఎరువు నెలవారీ మెయింటెనెన్స్ నుంచి. పైపులు, మోటారు మార్చడం, పెద్ద చెట్టు పడిపోతే తీయించడం లాంటివాటికి విడిగా రిజర్వు. దాన్ని రోజువారీ ఖర్చుకు ముట్టుకోకూడదని తీర్మానం రాసుకున్నాం. వాదన అంతా దీని మీదే జరిగింది, జరగాల్సిందే. పైపులు పాడైన రోజు అందరి దగ్గరా ఒకేసారి వసూలు చేస్తే పెన్షన్ మీద బతికేవాళ్లకు ఎంత టెన్షన్!

ఎవరూ నడవని చోట లాన్ తీసేసి, నీళ్లు తక్కువ అడిగే పొదలు నాటి డ్రిప్ వేశాం. మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరుస్తున్నాం, తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. కాండానికి ఆనించకండి, కుళ్లిపోతుంది.

తోట పని చేసేవాళ్లతో కాంట్రాక్టులో ఏ పని ఎన్నాళ్లకోసారో విడివిడిగా రాయించాం. చచ్చిపోయిన మొక్కలు ఎవరు మార్చాలన్నది మాత్రం ఇంకా తేలలేదు, వచ్చే మీటింగులో పెడుతున్నాం. మీ కాంట్రాక్టుల్లో ఆ షరతు ఎలా ఉందో చెప్పగలరా?