ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన కాగితం మీద సంతకం పెట్టేయాలా, ముందు లాయర్‌ను కలవాలా?

తొలివెలుగు:

అందరికీ నమస్కారం. పన్నెండు రోజుల క్రితం పొద్దున్నే సైకిల్ మీద వెళ్తున్నాను. రోడ్డు పక్కన ఆగి ఉన్న కారులోంచి ఒకాయన వెనక్కి చూడకుండా డోర్ తీశారు. డోర్ అంచు హ్యాండిల్‌కు తగిలి కుడి భుజం మీద పడ్డాను. కాలర్‌బోన్ విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి చెయ్యి స్లింగ్‌లో పెట్టారు. ఇప్పటికీ జడ వేసుకోవాలంటే మా అమ్మాయి రావాల్సిందే.

నాలుగో రోజు ఆ కారు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడారు. ఆస్పత్రి ఖర్చు, సైకిల్ ఖరీదు, పైన ఇంకొంత ఇస్తామన్నారు. నిన్న మెయిల్‌లో రెండు పేజీల కాగితం వచ్చింది. రెండో పేజీ అడుగున, ఈ ప్రమాదం విషయంలో ఇక ముందు ఏ క్లెయిమూ చేయను అని ఒక లైను ఉంది.

మా బావగారు "ఇచ్చింది తీసుకో, కోర్టు మెట్లెక్కితే ఏళ్లు పడుతుంది" అంటున్నారు. ఆఫీసులో ఒకావిడ "లాయర్‌కు చూపించకుండా సంతకం పెట్టకు" అంటున్నారు. ఇద్దరూ నా మేలు కోరేవాళ్లే. నాకేమో ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంత చిన్న కేసుకు లాయర్ నిజంగా అవసరమా?

పాతఫైలు:

అమ్మా, ముందు మీరు త్వరగా కోలుకోవాలి. నేను చాలా ఏళ్లు క్లెయిముల విభాగంలో పనిచేశాను కాబట్టి అవతలి పక్షం ఎలా ఆలోచిస్తుందో తెలిసి చెబుతున్నాను. గీసుకుపోయిన మోచెయ్యికి, వంకరపోయిన చక్రానికి లాయర్ అక్కర్లేదు. బిల్లులు వరుసగా పెట్టి, ఉద్యోగానికి వెళ్లని రోజుల లెక్క రాసి పంపితే డబ్బు వస్తుంది. మధ్యలో లాయర్ వస్తే ఫైలు లీగల్ విభాగానికి పోతుంది, నెలలు పడుతుంది, వచ్చినదాంట్లో ఫీజు పోతుంది. అమెరికాలో మూడో వంతు తీసుకోవడం మామూలే. చిన్న మొత్తంలో మూడో వంతు పోతే మీకు మిగిలేదెంత?

ఒకటి మాత్రం నిజం. మొదట చెప్పే మొత్తం మొదటి మాటే, చివరి మాట కాదు. "ఏ పద్దు కింద ఎంత వేశారో రాసి పంపండి" అని అడగండి. అది అడగడానికి లాయర్ అక్కర్లేదు.

గోధూళి:

పాతఫైలు గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ నా విషయం వినండి.

నన్ను ఒక వ్యాన్ పక్క నుంచి రాసుకుంటూ పోయింది. పడేటప్పుడు ఎడమ చెయ్యి ఆనించాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు, బెణుకు అన్నారు, క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపారు. మూడో వారం సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టేశాను. మంచి మొత్తమే అనిపించింది. రెండు నెలలైనా బొటనవేలి మొదట్లో నొప్పి తగ్గలేదు. సీసా మూత తిప్పలేను, తాళం తిప్పలేను. ఎంఆర్‌ఐ తీస్తే మణికట్టులో స్కఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి అతుక్కోకుండా ఉండిపోయిందని తేలింది. ఈ ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవడం కొత్తేం కాదట. దానికి రక్తం సరిగ్గా అందదు కాబట్టి ఆలస్యమైతే అతుక్కోదట. తుంటి దగ్గర నుంచి ముక్క తీసి పెట్టి స్క్రూ వేశారు. ఆ ఆపరేషన్, మూడు నెలల సెలవు, ఫిజియోథెరపీ అన్నీ నా జేబులోంచే పోయాయి. ఫోన్ చేస్తే "మీరు సంతకం పెట్టారు కదండీ" అన్నారు. అంతే.

నన్ను ఎవరూ మోసం చేశారని చెప్పడం లేదు. ఆ రోజున నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. కానీ తెలియకపోవడానికి మూల్యం నేనొక్కడినే కట్టాను. అక్కా, దయచేసి తొందరపడకండి.

నల్లకోటు:

నేను ప్రమాద పరిహారం కేసులే చూస్తాను కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉందనుకుంటే అనుకోండి. అయినా ఉన్నదున్నట్టు చెబుతాను.

"లాయర్ అవసరమా" అంటే మన మనసులో కోర్టు, వాయిదాలు, నల్లకోట్లు మెదులుతాయి. లాయర్‌ను కలవడం వేరు, కేసు వేయడం వేరు. తొలివెలుగు గారికి ఇప్పుడు కావలసింది మొదటిదే. ఒక గంట కూర్చుని ఆ రెండో పేజీ చదివించుకోవాలి. ఆ తర్వాత లాయర్‌ను పెట్టుకోవాలా వద్దా అన్నది తీరిగ్గా తేల్చుకోవచ్చు.

మన వేదికలో నాలుగు దేశాలవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒకే ప్రమాదానికి దేశాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. నెదర్లాండ్స్‌లో మోటారు వాహనం సైకిల్‌ను గుద్దితే, 14 ఏళ్ల లోపు పిల్లలకు దాదాపు అన్ని సందర్భాల్లోనూ పూర్తి పరిహారం ఇవ్వాల్సిందే. పెద్దవాళ్లకు తమ తప్పు కొంత ఉన్నా సాధారణంగా సగానికి తగ్గదు. ఫ్రాన్స్‌లో 1985 చట్టం గాయపడ్డ సైక్లిస్టుకు గట్టి అండ. ఇంగ్లండ్‌లో 1945 చట్టం ప్రకారం ఎవరి తప్పు ఎంతో తూచి, ఆ మేరకు పరిహారం తగ్గిస్తారు. అమెరికాలో మేరీల్యాండ్, వర్జీనియా, నార్త్ కరోలినా, అలబామాలలో మాత్రం పాత నియమం ఇంకా నడుస్తోంది. మీ తప్పు రవ్వంత ఉందని తేలినా మొత్తం పోవచ్చు. పక్కనే ఉన్న వాషింగ్టన్ డీసీ 2016లో పాదచారుల కోసం, సైక్లిస్టుల కోసం ఆ నియమాన్ని సడలించింది. నది ఇవతల పడితే ఒక న్యాయం, అవతల పడితే మరొకటి. ఇది మామూలు మనిషి ఎలా ఊహించగలడు?

డోర్ కేసుల్లో అవతలివాళ్లు ముందుగా వేసే ప్రశ్న ఒకటే: "ఆగిన కార్లకు అంత దగ్గరగా ఎందుకు వెళ్లారు?" దానికి మీరు ఫోన్‌లో చెప్పే జవాబు రికార్డు అవుతుంది. ఇంకో ప్రశ్న మరీ మామూలుగా వస్తుంది. "ఇప్పుడెలా ఉందండీ?" మనకు అలవాటు కాబట్టి "బాగానే ఉందండీ" అంటాం. చెయ్యి స్లింగ్‌లో ఉన్నా అంటాం. ఆ ఒక్క మాటే తర్వాత ఫైలులో కనబడుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎంతోమంది ఇలాగే అన్నారు, చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇక గడువు. ఇంగ్లండ్‌లో మామూలుగా 3 ఏళ్లు. భారతదేశంలో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయడానికి ప్రమాదం జరిగిన 6 నెలల గడువు పెట్టింది. కట్టు విప్పాక చూద్దాం, ఫిజియోథెరపీ అయ్యాక చూద్దాం అనుకుంటూ ఉంటే గడువు దాటిపోతుంది. తొందరపడి సంతకం పెట్టకపోవడం ఎంత ముఖ్యమో, గడువు ఎప్పటిదాకానో తెలుసుకోవడం అంతే ముఖ్యం.

పాతఫైలు:

నల్లకోటు గారూ, దేశాల సంగతి బాగా చెప్పారు, అందులో నాకు తెలియనివీ ఉన్నాయి. కానీ గోధూళి గారి మణికట్టును చూపించి అందరినీ లాయర్ దగ్గరికి పంపడం సరికాదు. నేను చూసిన క్లెయిముల్లో చాలావరకు నిజంగానే చిన్నవి. కొందరు చిన్న దెబ్బకు లాయర్‌ను పెట్టుకుని, వచ్చే డబ్బు ఆగిపోయి, వైద్యానికి అప్పు చేశారు. రోజు కూలీ మీద బతికేవాడికి ఈ నెల వచ్చే డబ్బు, రెండేళ్ల తర్వాత వచ్చే డబ్బు ఒకటి కాదు. ఆ మాట ఎవరూ అనడం లేదు.

నల్లకోటు:

ఆ మాట న్యాయమైనదే, నేను దాటేశాను. చేతిలో డబ్బు లేని మనిషికి "ఆగండి" అని చెప్పడం తేలిక. అందుకే ఫీజు ముందే మాట్లాడుకోవాలి. ఇంగ్లండ్‌లో గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందాలు ఉన్నాయి, గాయాల కేసుల్లో గెలిచినందుకు మామూలు ఫీజు పైన తీసుకునే అదనపు ఫీజుకు పరిహారంలో 25 శాతం పరిమితి ఉంది. భవిష్యత్తు ఖర్చుల కోసం ఇచ్చే భాగం ఆ లెక్కలోకి రాదు. భారతదేశంలో వచ్చినదాంట్లో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ఎవరైనా శాతం అడిగితే అక్కడి నుంచి లేచి రావచ్చు. భారతదేశంలోనే 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మహిళ అయితే ఆదాయంతో పనిలేదు. ఇది తెలియక ఎంతమంది ఊరుకుంటున్నారో.

మీరన్న "చిన్న దెబ్బ" దగ్గరే నా అభ్యంతరం. చిన్నదో పెద్దదో ఎముక ఒక్కటే చెప్పదు. 2010లో భారత సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఇదే విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన మనిషి వడ్రంగి అయినా, డ్రైవర్ అయినా సంపాదన దాదాపు పూర్తిగా పోవచ్చు. అదే గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు. డాక్టరు రాసే వైకల్యం శాతం ఒకటి, బతుకుతెరువుకు తగిలిన దెబ్బ మరొకటి. తొలివెలుగు గారూ, మీరు ఏం పని చేస్తారు?

తొలివెలుగు:

ఆర్కిటెక్చర్ ఆఫీసులో డ్రాయింగులు చేస్తానండీ. రోజంతా మౌస్ మీదే ఉంటుంది చెయ్యి. కుడి చెయ్యే.

కొండదారి:

మధ్యలో వస్తున్నాను. నన్ను ఎవరూ గుద్దలేదు. వాన నీళ్లు నిండిన గుంతలో ముందు చక్రం దిగింది, పళ్లు రెండు పోయాయి. నాది నేనే పడ్డాను కదా అని ఎవరినీ అడగలేదు. హెల్మెట్ కూడా లేదు, అది తెలిస్తే నన్నే అంటారని భయం. అడగొచ్చా?

నల్లకోటు:

అడగొచ్చు, కానీ త్వరగా. రోడ్డు బాధ్యత ఉన్న సంస్థ మీద క్లెయిమ్‌కు గడువు చాలాచోట్ల మరీ తక్కువ. న్యూయార్క్‌లో అయితే 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ఆ గుంత గురించి వాళ్లకు ముందే రాతపూర్వకంగా తెలుసా అన్నదీ చూస్తారు. ఇంగ్లండ్‌లో తనిఖీలు సరిగ్గా చేస్తున్నామని రోడ్ల విభాగం నిరూపించుకుంటే తప్పించుకోగలదు. గుంత పూడ్చేలోపు ఫొటో తీయండి. పక్కన ఏదో ఒక వస్తువు పెట్టి, లోతు తెలిసేలా తీయండి.

హెల్మెట్ లేనంత మాత్రాన కేసు పోదు. 2009లో ఇంగ్లండ్‌లో ఒక జడ్జి, హెల్మెట్ పెట్టుకోకపోవడం తప్పు కావచ్చని అన్నారు గానీ, పెట్టుకుని ఉంటే ఆ గాయం తగ్గేదని అవతలివాళ్లు నిరూపించలేదు కాబట్టి పరిహారం తగ్గించలేదు. మీకు పోయినవి పళ్లు. మామూలు సైకిల్ హెల్మెట్ నోటిని కప్పదు కదా.

గోధూళి:

అక్కా, సైకిల్ బాగు చేయించేశారా? నేను వారంలోనే చేయించాను, అది కూడా పొరపాటే.

తొలివెలుగు:

లేదు, మెట్ల కింద అలాగే ఉంది. హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి ఉంది, గ్రిప్ మీద కారు రంగు అంటుకుని ఉంది. మీరు అడిగాక వెళ్లి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాను. చిరిగిన జాకెట్ ఉతకకుండా కవర్లో పెట్టాను. నా వెనక స్కూటర్ మీద వచ్చి నన్ను లేపిన అబ్బాయి నంబర్ మా అమ్మాయి ఫోన్‌లో దొరికింది. చూసింది చూసినట్టు రాసిస్తానన్నాడు.

ఇవాళ ఒక లాయర్ దగ్గర అరగంట కూర్చున్నాను. మొదటిసారికి ఫీజు తీసుకోలేదు. ఆవిడ కాగితం చదివి, డబ్బు ఎంత అన్న సంగతి అసలు మాట్లాడలేదు. "ఎముక అతుకుతోందో లేదో డాక్టరు ఎప్పుడు చెబుతారు?" అని అడిగారు. ఆరో వారం ఎక్స్‌రే తర్వాత అన్నాను. అప్పటిదాకా సంతకం చేయనని, ఈలోగా అయిన ఆస్పత్రి బిల్లులు మాత్రం విడిగా చెల్లించమని రెండు లైన్ల మెయిల్ రాయించారు. పాతఫైలు గారూ, పద్దుల వారీగా లెక్క అడిగే మీ వాక్యం కూడా అందులో పెట్టాను. ఆవిడను లాయర్‌గా పెట్టుకోవాలో లేదో ఇంకా తేల్చుకోలేదు. మా బావగారు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

పాతఫైలు:

బిల్లులు విడిగా అడగడం మంచి పని, అమ్మా. ఇవ్వడానికి వాళ్లకూ వీలుంటుంది. అయితే డబ్బుతో పాటు మళ్లీ ఏదైనా కాగితం పంపితే, అందులోనూ ఆ రెండో పేజీ లైను ఉందేమో చూసుకోండి.