సమస్య: జానకికి నేల రాముఁడు? చాలు గడ్డి!

నిర్వాహకుడు:
ఈ పాదం నిన్న రాత్రి నుంచి నన్ను వదలడం లేదు, అందుకే మీ మీదకు వదులుతున్నాను. నవంబర్ 4 వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పుట్టినరోజు (1897, తలశ్శేరి). ఆవిడ మీదే పూరించాలన్న నియమం లేదు, పూరిస్తే మాత్రం చాలా సంతోషిస్తాను.

శింశుప:
గర్వమునఁ బల్కు రావణుఁ గాంచకుండఁ
దృణము నడ్డుగా నిడి పల్కెఁ దెగువతోడ
మానమును గావ నిమిషంబు మాత్రమునకు
జానకికి నేల రాముఁడు? చాలు గడ్డి!

గురులఘువు:
పూరణంతా 'నిమిషంబు మాత్రమునకు' అన్నచోటే ఉంది. రాముడే అక్కర్లేదని కాదు, ఆ ఒక్క నిమిషానికి గడ్డిపోచ చాలని. శభాష్ శింశుప గారూ.

యతిమైత్రి:
బాగుంది. కానీ గడ్డి అనగానే అశోకవనం ఎవరికైనా తడుతుంది. రెల్లుపూలు గారు కూడా అటే వెళతారేమో చూద్దాం.

రెల్లుపూలు:
వెళ్ళను మాస్టారూ. నా జానకి కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో ఉంది.

చెఱకు మేలగు జాతికై చింతఁ జేసి
రెల్లు గడ్డిని వెదకి పరీక్ష సలిపి
పెండ్లి వలదని చదువునే ప్రేమఁ గొన్న
జానకికి నేల రాముఁడు? చాలు గడ్డి!

శింశుప:
నా పూరణ పక్కన పెట్టేయండి. మూడో పాదం చదివాక సమస్యలో చిక్కేమీ మిగల్లేదు. ఇంట్లో పెళ్ళి ప్రయత్నాలు జరుగుతుంటే బార్బర్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయి, 1931లో అక్కడే డాక్టరేట్ తీసుకున్న మనిషి ఆవిడ. 'ప్రేమఁ గొన్న' అన్న రెండు మాటల్లో అదంతా వచ్చేసింది.

యతిమైత్రి:
పద్యం నడక బాగుంది, విషయం దగ్గరే నాకు పేచీ. చెరకును రెల్లుతో సంకరం చేయడం కోయంబత్తూరులో ఆవిడ చేరకముందే జరిగింది. కో 205 అనే చెరకు రకం ఆ సంకరమే, 1918 నాటిది. ఆవిడ చేరింది 1934లో.

రెల్లుపూలు:
ఆవిడే సంకరం చేసిందని నేను ఎక్కడన్నాను? 'పరీక్ష సలిపి' అన్నాను. లావు చెరకులో క్రోమోసోములు 80. రెల్లులో అయితే మొక్క ఏ చోటిదన్న దాన్ని బట్టి 40 నుంచి 128 దాకా ఉంటాయి. మైక్రోస్కోపు కింద ఒక్కో కణం పెట్టుకుని వాటిని లెక్కించడం ఆవిడ పని. చెరకుకు ఏ బంధువు కలుస్తుందో, ఏది కలవదో తేల్చేది ఆ లెక్కే. చెరకును మొక్కజొన్నతో కలిపి చూసింది కూడా ఆవిడే. రెల్లు, మొక్కజొన్న, అసలు చెరకు, అన్నీ గడ్డి కుటుంబమే. 'చాలు గడ్డి' అన్నది అందుకే ఆవిడకు అచ్చంగా సరిపోయింది.

గురులఘువు:
పోయిన ఉగాది సమస్యలో కూడా యతిమైత్రి గారు ఇలాగే క్రియ ఒదిలేసి కర్మను పట్టుకున్నారు. అప్పుడూ రెల్లుపూలు గారే సమాధానం చెప్పారు.

యతిమైత్రి:
ఉగాది గొడవ ఇప్పుడెందుకు? ఇదిగో నాది. లండన్, ఇంగ్లండు విజ్లీ తోటలోని పువ్వు రెండూ ఉన్నాయి.

క్రోమోసోముల లెక్కలఁ గూర్చి పేర్చి
పొత్తమును వ్రాసి లండను పురమునందు
పూవునకుఁ దన పేరిచ్చి పొలుపుగొన్న
జానకికి నేల రాముఁడు? చాలు గడ్డి!

రెల్లుపూలు:
మొదటి గణమే బెడిసింది. 'క్రోమో' రెండూ గురువులే. 'క్రోమొసోముల' అంటే నిలబడుతుంది.

శింశుప:
నాకు అంతకంటే పెద్ద లోటు కనిపిస్తోంది. శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి 1945లో తెచ్చిన క్రోమోసోముల అట్లాసు ఉంది, మాగ్నోలియా పువ్వు ఉంది. గడ్డి ఏదీ? మూడు పాదాల్లో దాని ఊసే లేకుండా నాలుగో పాదంలో దించేస్తే సమస్య అలాగే మిగిలిపోతుంది.

యతిమైత్రి:
ఆ పువ్వు వదలబుద్ధి కాలేదండీ. విజ్లీ తోటలో మాగ్నోలియా మొలకలకు కాల్చిసిన్ అనే మందు పట్టించి క్రోమోసోములు రెట్టింపు చేశారావిడ. అలా పెరిగిన చెట్లలో ఒక రకానికి ఆవిడ పేరే పెట్టారు. సరే, మొదటి పాదంలో 'క్రోమొ' చేస్తున్నా, మూడో పాదం మార్చేస్తున్నా:

గడ్డి జాతుల గుట్టునుఁ గన్న మేటి

గురులఘువు:
ఇప్పుడు అతికింది! 'గుట్టు' మంచి మాట. ఈసారి మీ పద్యం రెల్లుపూలు గారి దాని పక్కన కూర్చోగలదు, ఒక మెట్టు కిందనే అయినా.

రెల్లుపూలు:
మెట్లు వద్దు గురులఘువు గారూ, ఆ పాదం నాకు నిజంగా నచ్చింది. కానీ పువ్వు పోయిందే అని బాధగా ఉంది. దానికి వేరే సమస్య ఇవ్వండి.

శింశుప:
పువ్వుకంటే ముందు కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవికి ఇవ్వాలి. ఆవిడ ఎనభై దాటిన వయసులో ఆ అడవిని ముంచే ఆనకట్టకు ఎదురు నిలబడ్డారు. 1984 ఫిబ్రవరిలో పోయారు, అదే ఏడాది నవంబర్లో అది జాతీయ పార్కు అయింది. దీని మీద ఇన్నేళ్ళలో మన దగ్గర ఒక్క పద్యం రాలేదు.

నిర్వాహకుడు:
వచ్చే వారం సైలెంట్ వ్యాలీయే, కందంలో. యతిమైత్రి గారూ, 'క్రోమొ' మార్పుతో మీ పద్యం మొత్తం మళ్ళీ పెట్టండి, సంకలనంలో చేరుస్తాను.